వైద్య గ్రంథాలయ వృత్తి: చరిత్ర, తాత్వికత, భవిష్యత్తు

4.1 పరిచయం

వైద్య గ్రంథాలయం ప్రత్యేక గ్రంథాలయాలలో ఒకటని మీకు తెలుసు. ఇతర గ్రంథాలయాలలో కావలసిన వ్యాసం దొరకకపోతే పాఠకుడు నిరాశ చెందుతాడు. ఇక్కడ దొరకకపోతే ఆ నష్టం రోగికి కలుగుతుంది. ఈ వృత్తి చరిత్రను ఈ దృష్టితోనే పరిశీలించండి.

4.2 చరిత్ర

అమెరికాలో జాన్ షా బిల్లింగ్స్ వైద్య విద్యార్థిగా మూర్ఛవ్యాధి శస్త్రచికిత్సపై సిద్ధాంత వ్యాసం రాశారు. దానికి కావలసిన గ్రంథాల కోసం ఆయన అనేక గ్రంథాలయాలలో వెతకవలసి వచ్చింది. 1865లో సైనిక సర్జన్ జనరల్ కార్యాలయ గ్రంథాలయ బాధ్యత ఆయనకు లభించింది. గ్రంథ సేకరణతోనే ఆయన ఆగలేదు. పత్రికలలోని వ్యాసాలను విషయాలవారీగా సూచీకరింపజేశారు. 1879లో రాబర్ట్ ఫ్లెచర్‌తో కలిసి ‘ఇండెక్స్ మెడికస్’ను ప్రారంభించారు. ఆ గ్రంథాలయమే 1956లో నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్‌గా మారింది. అక్కడి సూచీకరణ 1964 నాటికి కంప్యూటర్‌పైకి చేరింది. 1971లో మెడ్‌లైన్ వచ్చింది. 1997లో పబ్‌మెడ్ ద్వారా ఈ సమాచారం ప్రజలందరికీ ఉచితంగా అందింది.

4.3 తాత్వికత

1931లో ఎస్.ఆర్. రంగనాథన్ ప్రతిపాదించిన పంచసూత్రాలలో నాలుగవది పాఠకుని సమయాన్ని ఆదా చేయమంటుంది. అత్యవసర వైద్యంలో దీని విలువ మీరు ఊహించగలరు. 1970లలో గెర్ట్రూడ్ లాంబ్ ప్రవేశపెట్టిన పద్ధతిలో గ్రంథపాలకులు వైద్యులతోపాటు వార్డులకే వెళ్లి, అక్కడ తలెత్తిన ప్రశ్నలకు సమాధానాలు వెతికి ఇచ్చేవారు.

అయితే వేగం ఒక్కటే చాలదు. 2001లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఉబ్బస పరిశోధనలో హెక్సామిథోనియం పీల్చిన 24 ఏళ్ల ఆరోగ్యవంతురాలైన వాలంటీరు ఊపిరితిత్తులు దెబ్బతిని మరణించింది. ఆ మందు ఊపిరితిత్తులకు హాని చేయగలదని 1950ల నాటి వ్యాసాలు తెలిపాయి. కానీ అప్పట్లో పబ్‌మెడ్‌లో ప్రధానంగా 1966 తరువాతి వ్యాసాలే ఉండేవి. పాత వ్యాసాలు పరిశోధకుని దృష్టికి రాలేదు. ‘ఏమీ దొరకలేదు’ అంటే ‘ఏమీ లేదు’ అని అర్థం కాదని ఈ ఘటన మనకు చెబుతుంది.

4.4 భవిష్యత్తు

నేడు కృత్రిమ మేధ క్షణాల్లో జవాబులిస్తుంది. ఒక్కోసారి అసలు లేని వ్యాసాలను కూడా ఉన్నట్లు చూపుతుంది. అందువల్ల గ్రంథపాలకుని అవసరం తగ్గదు, పని స్వభావం మారుతుంది. ఎక్కడ వెతికాం, ఏ సంవత్సరం నుంచి వెతికాం, ఏవి మిగిలిపోయాయి అనే వివరాలను నమోదు చేసి వైద్యునికి చెప్పడం ఇకపై ఆయన ముఖ్య బాధ్యత.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. వైద్య సూచీకరణకు బిల్లింగ్స్ చేసిన సేవను వివరించండి.
2. 2001 నాటి ఘటనలో గ్రంథపాలకుడు ఏ విధంగా తోడ్పడగలిగేవాడో మీ మాటల్లో రాయండి.