అవ్వ గంపలో చెక్కలు, మక్కళ సంతెలో నిప్పట్లు

మా ఇంటి తిండి చరిత్ర చింతామణిలో ఒక బడి గేటు ముందర పెట్టిన గంపతో మొదలవుతుంది. ఆ ఊరు అప్పుడు కోలారు జిల్లాలో ఉండేది. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఆ సీమలో ఎన్నో ఇళ్ళు అట్లే ఉంటాయి.

అవ్వ గంపలో ఉండేవి రెండే: చెక్కలు, వేయించిన శనక్కాయలు. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి పదహారు అణాలు. అవ్వ అణాకు నాలుగు చెక్కలు ఇచ్చేదంట. నయాపైసలు వచ్చాక అణా అంటే ఆరుంబావు పైసలు అయింది. అంత చిల్లర పిల్లల దగ్గర ఏముంటుంది? వాళ్ళ చేతిలో ఉండేది ఐదు నయాపైసల బిళ్ళ. అందుకని అవ్వ ఐదు పైసలకు మూడు అని పెట్టింది. లెక్క చూస్తే చెక్కకు ఇంచుమించు అదే ధర, కొంచెం ఎక్కువే. పిల్లోడి చేతిలో ఏ బిళ్ళ ఉందో చూసి సరుకు కట్టాల అనేది ఆమె మాట.

ఆ మాట మాకు అర్థమైంది మా బడిలో మక్కళ సంతె పెట్టినప్పుడు. కర్ణాటక బడుల్లో పిల్లలే అంగళ్ళు పెట్టి, తూచి, చిల్లర లెక్కపెట్టి అమ్మే సంత అది. కొన్నిచోట్ల మెట్రిక్ మేళ అంటారు. అందరూ కొత్తిమీర, టమోటాలు తెచ్చారు. మేము అక్కాతమ్ముళ్ళం మాత్రం ఒక డబ్బా చెక్కలు, ఒక సంచి బొరుగులు తీసుకుపోయినాం.

మొదటి గంట ఒక్క పొట్లం కూడా పోలేదు. అట్ట మీద కన్నడ అక్షరాల్లో ‘చెక్కలు’ అని రాసి, నాలుగేసి పొట్లం కట్టి రెండు రూపాయలు అన్నాం. కన్నడంలో చక్కె అంటే చెట్టు బెరడు, దాల్చినచెక్క. ‘మసాలా సామాను అమ్ముతున్నారా?’ అని పిల్లలు నవ్వినారు. అక్కకు కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. అట్ట తిప్పి ‘నిప్పట్టు’ అని రాసినాం, పొట్లాలు విప్పి ఒక్కోటి యాభై పైసలు అన్నాం. మధ్యాహ్నం బెల్లు కొట్టే లోపల డబ్బా అడుగు కనపడింది.

ఇప్పుడు మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఆ లెక్కన మా సంత పరీక్ష తప్పు. పేరు, పొట్లం కట్టే తీరు రెండూ ఒకేసారి మార్చినాం కాబట్టి దేనివల్ల అమ్ముడుపోయిందో చెప్పలేం.

బొరుగుల సంగతి మాత్రం సందేహం లేకుండా చెప్పగలం. ముందే కలిపి పెట్టిన చురుమురి కాసేపటికే మెత్తబడిపోయింది, ఎవరూ రెండోసారి అడగలేదు. తరువాత అడిగినప్పుడే ఉల్లిపాయ, క్యారెట్ తురుము, కారం, పచ్చి కొబ్బరినూనె వేసి కళ్ళముందే కలిపినాం. ఆ వాసనకు పక్క అంగడి పిల్లలు కూడా వచ్చినారు. విరిగిన చెక్కలు పారేయకుండా అందులోనే నలిపి వేసినాం. అన్నిటికంటే ముందు అయిపోయింది అదే. ఒక పొట్లం కొంటే నలుగురు చేయి పెట్టొచ్చు. బడి పిల్లలకు అది పెద్ద లెక్క. ఒకడు కొంటే ముగ్గురు రుచి చూస్తారు, ఆ ముగ్గురిలో ఒకడు మళ్ళీ వస్తాడు.

సాయంత్రం అవ్వ ముందర చిల్లర పోసి, పేరు మార్చిన సంగతి భయంభయంగా చెప్పినాం. అవ్వ నవ్వింది. ‘గేటు దగ్గర నేనేమని అరిచేదాన్ని అనుకున్నార్రా? నిప్పట్టు అనే కదా. చెక్కలనేది ఇంట్లోకి’ అనింది. గంప ఇంటికి రాగానే పేరు మారేదంట.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. మా పిల్లలకు ఇప్పుడు ఇంట్లో కూడా నిప్పట్టే. మొన్న ఒకరోజు చెక్కలు తెమ్మంటే, వంటింట్లోంచి దాల్చినచెక్క డబ్బా తెచ్చి ఇచ్చినారు. నవ్వినాం గానీ, ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. అంగడికి ఒక పేరు, ఇంటికి ఒక పేరు అవ్వ యాభై ఏళ్ళు మోసింది. మేము ఇంటి పేరు దింపేసినామని అప్పుడు తెలిసింది.

చుట్టాలందరికీ ఒక మనవి. మీ ఇళ్ళల్లో ఈ తిండ్లను ఏమని పిలుస్తారో, మీ పెద్దలు వాటిని బయట ఏమని అమ్మినారో రాసి పంపండి. ఆ పేర్లన్నీ ఒకచోట పెడదాం.