నడకను కొలవడం ఎలా నేర్చుకున్నాం?

విజయవాడలోని ప్రకాశం బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు. 1855 నాటికి పూర్తయిన పాత ఆనకట్టకు 1952లో గండి పడగా, దాని స్థానంలో నిర్మించిన ఈ బ్యారేజీ 1957 చివరలో రాకపోకలకు తెరుచుకుంది. కృష్ణా డెల్టాకు నీరందించే ఈ కట్టడం వైద్యుడినైన నాకు పొడవైన కొలబద్దలా కూడా కనిపిస్తుంది. సెకనుకు 1.2 మీటర్ల వేగంతో నడిచేవారు దీనిని దాటడానికి 17 నిమిషాలు పడుతుంది. వేగం 1 మీటరైతే 20 నిమిషాలకు కొద్దిగా పైన, 0.8 మీటర్లయితే 25 నిమిషాలన్నర. ఈ ఎనిమిదిన్నర నిమిషాల తేడా మనిషి ఆరోగ్యం గురించి ఎంతో చెబుతుంది.

ఆ సంగతి నాకు ఆలస్యంగా బోధపడింది. మా అమ్మ చివరి సంవత్సరాలలో గుడికి వెళ్ళేటప్పుడు నాతో సమానంగా నడవలేక వెనుకబడేది. ‘వయసు మీద పడింది’ అనుకొని నేను ముందు నడిచి, వీధి మలుపులో ఆగి ఎదురుచూసేవాడిని. ఏడాది తిరగకముందే ఆమె స్నానాల గది గడప దగ్గర పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో రోజూ ఎందరికో నాడి, రక్తపుపోటు చూసిన నేను, ఇంట్లో ఆమె నడకను ఒక్కనాడూ కొలవలేదు. కళ్ళెదుట ఉన్న కదలికను కొలవడం శాస్త్రానికి కూడా సులభంగా అలవడలేదు. ఆ చరిత్రను ఇక్కడ సంగ్రహంగా చెబుతాను.

కదలికలకు పేర్లు

కదలికను గ్రహించడంలో తొలి మెట్టు దానిని విభజించి పేర్లు పెట్టడం. మన దేశంలో నాట్యశాస్త్రం ఆ పని చేసింది. పాదము, పిక్క, తొడ, కటి కలిసి కదిలే తీరును ‘చారి’ అని పిలిచి, భూమిని అంటిపెట్టుకొని సాగేవి 16, భూమిని వీడి లేచేవి 16, మొత్తం 32 చారులను పేర్కొన్నది. కాళ్ళు, చేతుల కదలికలు కలిసిన 108 కరణాలను వర్ణించింది. ఆ సంప్రదాయం కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి గ్రామంలో నేటికీ సజీవంగా ఉంది. ఇత్తడి పళ్ళెం అంచులపై నిలిచి తరంగం ఆడే నర్తకి, శరీరపు బరువును ఆ చిన్న పళ్ళేన్ని దాటనీయకుండా కదులుతుంది. శిష్యురాలి తప్పులను గురువు కంటితోనే చూసి దిద్దుతాడు.

అయితే కంటిచూపుకు హద్దులున్నాయి. మనిషి ఒక అడుగు వేయడానికి సుమారు అరసెకను పడుతుంది. ఆ అరసెకనులో తుంటి, మోకాలు, చీలమండలు ఎన్ని డిగ్రీలు వంగాయో ఎంత అనుభవజ్ఞుడైనా చెప్పలేడు.

లెక్కల నుంచి ఛాయాచిత్రాలకు

ఐరోపాలో గెలీలియో పదిహేడవ శతాబ్దంలో, ఏటవాలు పలకపై దొర్లే గోళాల కదలికను పాత్రనుంచి కారిన నీటి తూకంతో కాలాన్ని కొలుస్తూ పరిశీలించాడు. ఇటలీకే చెందిన బొరెల్లి జంతువుల చలనంపై వ్రాసిన గ్రంథం ఆయన మరణానంతరం 1680-81లో వెలువడింది. ఎముకలు తులాదండాలవలె, కండరాలు వాటిని లాగే బలాలవలె పనిచేస్తాయని ఆయన లెక్కగట్టి చూపాడు. బలాల ప్రసక్తి లేకుండా స్థానం, వేగం, త్వరణాలను మాత్రమే పరిశీలించే శాఖకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆంపియర్ 1834లో పేరు పెట్టాడు. మనం కైనమాటిక్స్ అనేది అదే. తెలుగు పాఠ్యపుస్తకాలు దానిని శుద్ధగతిక శాస్త్రమంటాయి. రెండేళ్ళ తర్వాత, 1836లో జర్మనీకి చెందిన వెబర్ సోదరులు మనిషి అడుగు పొడవునూ, దానికి పట్టే కాలాన్నీ కొలిచి ప్రచురించారు.

1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ పరుగుబాట పక్కన 12 కెమెరాలను వరుసగా అమర్చి, పరుగెత్తే గుఱ్ఱాన్ని చిత్రించాడు. ఒక క్షణంలో దాని నాలుగు కాళ్ళూ నేలను వీడి ఉన్నాయి. అయితే చిత్రకారులు గీసినట్లు ముందుకూ వెనక్కూ చాచి కాదు, పొట్టక్రింద ముడిచి! తరతరాలుగా మనుషుల కళ్ళు పొరబడ్డాయని తేలింది. ఫ్రాన్సులో వైద్యవిద్య నభ్యసించిన మారే, బూటు అడుగున గాలి గదులు అమర్చి పాదపు ఒత్తిడిని నమోదు చేశాడు. 1882లో సెకనుకు 12 చిత్రాలు తీసే తుపాకీ ఆకారపు కెమెరాను తయారుచేశాడు.

1891లో లైప్‌జిగ్ నగరంలో శరీర నిర్మాణవేత్త బ్రౌనె, గణితవేత్త ఫిషర్ ఒక మనిషి అవయవాలకు సన్నని విద్యుద్దీప నాళికలు కట్టి, చీకటిలో నడిపించి, పలువైపుల నుంచి చిత్రాలు తీశారు. నడిపించినది కొద్ది అడుగులే! వాటి లెక్కలు సంవత్సరాల తరబడి సాగాయి. మరుసటి ఏడు బ్రౌనె మరణించగా, ఫిషర్ ఆ పనిని కొనసాగించాడు.

రెండవ ప్రపంచయుద్ధంలో కాళ్ళు పోగొట్టుకున్న సైనికులకు మంచి కృత్రిమ అవయవాలు కావలసివచ్చి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇన్మన్, ఎబర్‌హార్ట్ బృందం సహజమైన నడకను విస్తారంగా పరిశోధించింది. నేడు మస్తిష్క పక్షవాతం గల పిల్లలకు శస్త్రచికిత్స నిర్ణయించే ముందు, ప్రత్యేక కేంద్రాలలో అనేక కెమెరాలతో వారి నడకను విశ్లేషిస్తున్నారు. క్రికెట్‌లో బంతి వేసేటప్పుడు మోచేయి 15 డిగ్రీలకు మించి నిటారు కారాదనే నియమాన్ని పరీక్షించేది కూడా ఇటువంటి కెమెరాలతోనే.

నడక వేగం

ఇంత చరిత్ర తర్వాత, వృద్ధుల విషయంలో మిక్కిలి ఉపయోగపడే కొలతలలో ఒకటి అన్నిటికంటే సరళమైనది: దూరాన్ని కాలంతో భాగించడం! 65 ఏళ్ళు, ఆపైన వయసు గల 34,485 మందిపై జరిగిన 9 అధ్యయనాలను కలిపి పరిశీలించిన పరిశోధన 2011లో అమెరికా వైద్యసంఘ పత్రికలో వెలువడింది. వేగంగా నడిచేవారు ఎక్కువ కాలం జీవించారని అది తెలిపింది. వేగం ఆయువునిస్తుందని దీని అర్థం కాదు. నడకకు గుండె, ఊపిరితిత్తులు, కండరాలు, కీళ్ళు, నాడులు, కళ్ళు, మెదడు అన్నీ సహకరించాలి. వాటిలో ఏది బలహీనపడినా ముందుగా వేగం తగ్గవచ్చు.

ఈ పరీక్షకు బ్యారేజీ అవసరం లేదు, ఇంటి వసారా చాలు. నేలపై 4 మీటర్ల దూరానికి రెండు గీతలు గీయండి. మొదటి గీతకు ఒక మీటరు వెనుక బయలుదేరి, రెండవ గీత దాటాక కూడా మరికొంత నడవనివ్వండి. ఎప్పటి వేగంతోనే నడవమనండి. చేతికర్ర వాడేవారు దానితోనే నడవాలి. మరొకరు పక్కనే ఉండాలి. గీతల నడుమ 4 సెకనులకు మించితే వేగం 1 మీటరుకు తక్కువన్నమాట, గమనిస్తూ ఉండాలి. 5 సెకనులు, అంతకు పైన పడితే వైద్యుని సంప్రదించండి. కొద్ది నెలలలో వేగం బాగా తగ్గినా అంతే. కండరాల క్షీణత, కీళ్ళవాతం, పార్కిన్సన్ వ్యాధి, చూపు మందగించడం, లేచి నిలుచున్నప్పుడు రక్తపుపోటు పడిపోవడం, నిద్రమందుల ప్రభావం వంటివి కారణాలు కావచ్చు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. కాళ్ళకు బలాన్నీ, శరీరానికి నిలకడనూ ఇచ్చే వ్యాయామాలు, స్నానాల గదిలో పట్టుకొనే కడ్డీ, రాత్రివేళ దీపం పడిపోయే ప్రమాదాన్ని తగ్గిస్తాయి.

మా అమ్మకు ఇవన్నీ చేసి ఉంటే ఆమె పడిపోయేది కాదని నేను చెప్పలేను. చూసి ఉండవలసిందని మాత్రం చెప్పగలను. మీ ఇంటి పెద్దలతో ఈసారి బయటకు వెళ్ళినప్పుడు, ముందు నడిచి మలుపులో ఆగకండి. వారి పక్కనే నడుస్తూ, వారి అడుగులను గమనించండి.