సరస్సు లోతు, నీటి పీడనం

సరస్సులో కిందికి దిగేకొద్దీ నీటి పీడనం పెరుగుతుంది. మంచినీటిలో ప్రతి 10 మీటర్లకు చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు, అంటే దాదాపు ఒక వాతావరణ పీడనం, అదనంగా చేరుతుంది. ఈ పెరుగుదలకు లోతుతోనే సంబంధం. సరస్సు ఎన్ని మైళ్ల వెడల్పున్నా, ఎన్ని టీఎంసీల నీరు పట్టినా లెక్క మారదు. దిగుడుబావిలో అయిదు మీటర్ల నీటి కింద ఎంత బరువు పడుతుందో, మహాసరస్సులో అయిదు మీటర్ల కిందా అంతే పడుతుంది. వినడానికి తేలికే అయినా నమ్మడం కష్టమైన మాట ఇది. పండితులకు కూడా చాలాకాలం మింగుడు పడలేదు.

చెరువులు కట్టినవాళ్లకు మాత్రం ఈ సంగతి సూత్రం రాకముందే చేతికి తెలుసు. తెలుగునాట ఏ పాత చెరువు కట్టను చూసినా అడుగున వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా ఉంటుంది. నీటివైపు రాతి పరుపు ఉంటుంది. ఇప్పటి కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కరుడు తవ్వించాడు. దాని 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను చెబుతుంది. కట్ట రాతితో దిట్టంగా ఉండాలన్నది ఆ అంగాల్లో ఒకటి. కట్ట నుంచి నీరు కారడం దోషాల్లో ఒకటి. పీడనం అనే మాట శాసనంలో లేదు. కానీ లోతున నీరు ఎలా తోస్తుందో ఎరిగినవాళ్లు రాయించిన మాటలే అవి.

దీన్ని లెక్కలోకి తెచ్చినవాడు సైమన్ స్టెవిన్. క్రీ.పూ. మూడో శతాబ్దంలో ఆర్కిమిడీస్ తేలే వస్తువుల గురించి రాశాడు. ఆ దారినే మరింత ముందుకు తీసుకెళ్లి స్టెవిన్ 1586లో డచ్చి భాషలో నీటి బరువు మీద ఒక గ్రంథం ప్రచురించాడు. పాత్ర అడుగున గుండ్రటి కంత పెట్టి, దాని మీద చెక్కబిళ్ల మూతవేసి, నీరు నింపాడు. చెక్క సహజంగా తేలాలి. కానీ పైనున్న నీరు దాన్ని కదలనివ్వలేదు. వెడల్పాటి పాత్ర తీసేసి, అంతే ఎత్తున్న సన్నటి పాత్రను పెట్టినా బిళ్ల మీద భారం తగ్గలేదు. నీరెంత ఉందన్నది కాదు, ఎంత ఎత్తున నిలిచిందన్నదే ముఖ్యం. నిలువుగోడ మీద నీరు మోపే మొత్తం బలాన్నీ అతడే లెక్కగట్టాడు. ఆనకట్టలు కట్టేవాళ్లకు ఇంతకన్నా విలువైన లెక్క లేదు. మీటరు వెడల్పు గోడకు 10 మీటర్ల నీరు ఆనితే తోపుడు 50 టన్నులు. లోతు 20 మీటర్లయితే అది నూరు టన్నులు కాదు, రెండు వందలు.

నీటి మీద గాలి బరువు కూడా ఉంటుందని తేలడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. 1640లలో టోరిచెల్లి పాదరసపు గొట్టంతో దారి చూపాడు. 1648 సెప్టెంబరు 19న ఫ్రాన్సులో బ్లేజ్ పాస్కల్ బావగారు ఫ్లోరాఁ పెరియె అలాంటి గొట్టాన్ని ప్యూయ్ ద దోమ్ కొండ మీదికి మోసుకెళ్లాడు. కింద మఠం తోటలో మరో గొట్టం ఉంచి, ఒకరిని కాపలా పెట్టాడు. తోటలోని పాదరసం రోజంతా కదల్లేదు. శిఖరం మీద మూడంగుళాలకు పైగా దిగింది. ద్రవాల సమతుల్యత మీద పాస్కల్ రాసిన గ్రంథం ఆయన పోయిన మరుసటి ఏడు, 1663లో అచ్చయింది. సన్నటి గొట్టంలోని ఔన్సు నీరు వంద పౌన్ల బరువుతో సరితూగగలదని అందులో చూపాడు. పీడనానికి పాస్కల్ అన్న ప్రమాణం 1971లో స్థిరపడింది.

లోతు రెట్టింపయితే నీటి పీడనమూ రెట్టింపవుతుంది. నీరు దాదాపు నలగదు కనుకనే లెక్క ఇంత తిన్నగా నడుస్తుంది. నీరు అసలే నలగదని చాలామంది నమ్మేవారు. కొద్దిగా నలుగుతుందని 1762లో జాన్ కాంటన్ చూపాడు. జెనీవా సరస్సులో నీటి అడుగున గంట కొట్టి ధ్వని వేగం కొలిచిన కొలాడాన్, స్టుర్మ్‌తో కలిసి 1820లలో ఆ నలుగుడును సరిగ్గా లెక్కతేల్చాడు. ఒక వాతావరణ పీడనానికి తగ్గేది దాదాపు ఇరవై వేలలో ఒక వంతు. అందుకే 1,642 మీటర్ల లోతున్న బైకాల్ సరస్సు అడుగున 160 వాతావరణాలకు పైగా ఒత్తిడి ఉన్నా, నీరు నూటికి ఒక వంతయినా కుంచించుకుపోదు.

ఎత్తున ఉన్న సరస్సుల్లో లెక్క వేరే దగ్గర మొదలవుతుంది. 3,812 మీటర్ల ఎత్తునున్న టిటికాకా సరస్సు మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతుల లోపే. సముద్రంలో 10 మీటర్ల నుంచి పైకొచ్చే గజ ఈతగాడి మీద ఒత్తిడి సగానికి తగ్గుతుంది. అదే టిటికాకాలో రెండున్నర రెట్లు పడిపోతుంది. రక్తంలోని గాలి బుడగలయ్యే ప్రమాదం అక్కడ ఎక్కువ. అందుకే జ్యూరిక్ వైద్యుడు ఆల్బర్ట్ బ్యూల్‌మన్ కొండ సరస్సుల కోసం వేరే పట్టికలు తయారుచేశాడు.

లోతు పీడనం ప్రాణాలు తీసిన ఉదంతం కామెరూన్‌లోని న్యోస్ సరస్సుది. గోలీసోడా చూసినవాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. గోలీ బిగిసి ఉన్నంతసేపు గ్యాసు నీటిలో అణగి ఉంటుంది. నొక్కగానే పొంగుతుంది. ఒత్తిడి పెరిగితే ద్రవంలో వాయువు ఎక్కువగా కరుగుతుందని విలియం హెన్రీ 1803లో చెప్పాడు. 200 మీటర్లకు పైగా లోతున్న న్యోస్ అడుగున 20 వాతావరణాలను మించిన పీడనం కింద, అగ్నిపర్వత నేల నుంచి ఊరిన కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి కరిగి పేరుకుంది. 1986 ఆగస్టు 21 రాత్రి అడుగునీరు పైకి లేచింది. పీడనం తగ్గి గ్యాసు ఒక్కసారిగా విడిపోయింది. గాలికన్నా బరువైన ఆ వాయువు లోయల వెంట పాకి, నిద్రలో ఉన్న పల్లెలను ముంచింది. దాదాపు 1,700 మంది ఊపిరాడక చనిపోయారు. వేలాది పశువులూ ప్రాణం విడిచాయి.

విరుగుడూ పీడనం తేడాలోనే దొరికింది. 2001లో సరస్సు అడుగుదాకా నిలువు గొట్టం దించారు. మొదట పంపుతో కాస్త తోడితే చాలు. పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి బుడగలు పుడతాయి, ఆ బుడగలే వెనక నీటిని లాక్కొస్తాయి. ఏ ఇంధనమూ లేకుండా దాదాపు 50 మీటర్ల ఎత్తున నీటిచిమ్ము లేచింది. 2011లో మరో రెండు గొట్టాలు చేర్చారు.