పొట్లం వెనక అంకెలు

621: మోనోసోడియం గ్లుటమేట్. ఫాస్ట్‌ఫుడ్ బండి భాషలో టేస్టింగ్ సాల్ట్. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా కొంబు అనే సముద్రపు నాచులోంచి ఈ రుచిని పట్టుకున్నాడు. గ్లుటమేట్ పండిన టమాటాలోనూ ఉంటుంది. మరి ఇంత చెడ్డపేరెందుకు? 1968లో ఒక డాక్టరు అమెరికా వైద్య పత్రికకు ఉత్తరం రాశాడు. చైనీస్ హోటల్లో తింటే మెడ వెనక తిమ్మిరి, నీరసం, గుండెదడ వస్తున్నాయన్నాడు. కారణం సోయా సాసు కావచ్చు, వంటలో పోసే వైన్ కావచ్చు, ఉప్పెక్కువై ఉండవచ్చు, ఇదీ కావచ్చు అని ఊహించాడు. లోకం దీన్నొక్కదాన్నే పట్టుకుంది. ప్రయోగాల్లో పరగడుపున ఒకేసారి మూడు గ్రాములకు మించి ఇస్తే కొందరికి కాసేపు తలనొప్పి, తిమ్మిరి కనిపించాయి. భోజనంతో తిన్నప్పుడు అవి నిలకడగా రుజువు కాలేదు. నా ఫిర్యాదు వేరు: నాసిరకం సరుక్కి రుచి అంటగట్టి ఇంకో గుప్పెడు తినిపిస్తుంది.

102: టార్ట్రజిన్, నిమ్మపండు పసుపు. 2007లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పరిశోధకులు కొన్ని రంగులూ సోడియం బెంజోయేటూ కలిపిన పానీయం పిల్లలకు తాగించి చూశారు. కొందరిలో దుడుకుతనం పెరిగింది. అన్నీ కలిపి ఇచ్చారు కాబట్టి దోషి ఏదో తేలలేదు. అయినా 2010 నుంచి ఐరోపా సమాఖ్యలో ఈ రంగు వాడితే, పిల్లల ఏకాగ్రత దెబ్బతినవచ్చని ప్యాకెట్ మీద రాయాల్సిందే. మన దగ్గర 'అనుమతించిన కృత్రిమ రంగు' అన్న మాట, దాని పేరో నంబరో ఉంటే సరి.

211: సోడియం బెంజోయేట్. సీసా పచ్చళ్లకూ స్క్వాష్‌లకూ బూజు పట్టనివ్వదు. పులుపు ఉన్నచోటే బాగా పనిచేస్తుంది. విటమిన్ సి కూడా ఉన్న డ్రింకులో, ఎండ వేడికి, అతి కొద్దిగా బెంజీన్ పుట్టవచ్చు. బెంజీన్ క్యాన్సర్ కారకం. కొట్టు ముందు ఎండలో పేర్చిన సీసాలు కొనకండి.

220: సల్ఫర్ డయాక్సైడ్. నారింజ రంగులో నిగనిగలాడే ఎండు ఆప్రికాట్లలో ఉంటుంది. కొందరు ఆస్తమా రోగులకు ఆయాసం తెస్తుంది. ఖుబానీ కా మీఠాకు గోధుమరంగువి తెచ్చుకుంటే సరి.

అంకె లేనిది: రోడమైన్ బి. బట్టలకు వేసే గులాబీ రంగు. ఆహారంలో దీనికి అనుమతే లేదు, కనుక నంబరూ లేదు. ఇది బయటపడ్డాకే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది. మార్చిలో కర్ణాటక పీచుమిఠాయిలోనూ గోబీ మంచూరియాలోనూ కృత్రిమ రంగులు వాడొద్దంది. అంకెలున్న ప్యాకెట్ చూసి బెదిరిపోయేవాళ్లు, ఏ అంకే లేని ఎర్రటి మంచూరియా ప్లేటు దగ్గర ముందు ఆగాలి.