భూటాన్ ఎన్నికలు, 2013
భూటాన్‌లో రాచరికం తానే ముందుండి తెచ్చిన ప్రజాస్వామ్యానికి ఇవి రెండో జాతీయసభ ఎన్నికలు. మొదటివి 2008లో జరిగాయి. అప్పటి భూటాన్ ప్రధాని జిగ్మే థిన్లే 2012లో రియోలో చైనా ప్రధాని వెన్ జియాబావోను కలవడం ఢిల్లీకి రుచించలేదు. ఎందుకంటే భారత్‌ను ఈశాన్య రాష్ట్రాలతో కలిపే సిలిగురి కారిడార్‌కు ఎగువనున్న డోక్లాం మీద చైనా కన్ను ఎప్పటినుంచో ఉంది. తుది పోలింగ్ జులై 13న. సరిగ్గా ఆ నెల మొదట్లోనే వంటగ్యాస్, కిరోసిన్ రాయితీని భారత్ ఆపేసింది. థింఫూలో సిలిండర్ ధర రెట్టింపు దాటింది. భూటాన్ పంచవర్ష ప్రణాళికతోపాటు రాయితీ ఒప్పందం గడువూ తీరిందని భారత్ వివరణ. గడువు మాట నిజమే, ముహూర్తమే అనుమానాలు రేపింది. ప్రతిపక్ష పీపుల్స్ డెమొక్రటిక్ పార్టీ (పీడీపీ) 47 స్థానాల్లో 32 గెలిచి, షెరింగ్ తోబ్గే ప్రధాని అయ్యారు. ఆగస్టులో రాయితీ తిరిగొచ్చింది. థిన్లే పక్షం ఓటమికి గ్యాస్‌బండ ఒక్కటే కారణమనలేం. భారత రూపాయల కటకట, అప్పులు అప్పటికే జనాన్ని విసిగించాయి.