ఆరోగ్య, దంత బీమా (విజయవాడ – కృష్ణా డెల్టా)

విజయవాడ, కృష్ణా డెల్టాలో వైద్య ఖర్చుకు అండ ప్రధానంగా నాలుగు: ఆరోగ్యశ్రీ, ప్రభుత్వోద్యోగుల హెల్త్ స్కీమ్ (ఈహెచ్ఎస్), ఈఎస్ఐ, సొంతంగా కొనుక్కునే పాలసీలు.

ఆరోగ్యశ్రీ ప్రారంభానికి 2007, 2008 రెండు సంవత్సరాలూ వాడుకలో ఉన్నాయి. మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో 2007 ఏప్రిల్ 1న మొదలైందన్న లెక్కే సమంజసం. 2008 రాష్ట్రమంతటా విస్తరించిన ఏడాది. తొలి మూడు జిల్లాల్లో కృష్ణా లేదు. మొదట స్టార్ హెల్త్ బీమా కంపెనీ ద్వారా నడిచిన పథకంలో తర్వాత ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా ఆస్పత్రులకు చెల్లించసాగింది. రోగికి ప్రీమియం లేదు, వెయిటింగ్ పీరియడ్ లేదు. జాబితాలో ఉన్న చికిత్స అయితే చాలు, నెట్‌వర్క్ ఆస్పత్రిలో పథకం తరఫున ఉండే సహాయకులు (ఆరోగ్యమిత్ర) అనుమతి సంగతి చూస్తారు. జాబితాలో లేని జబ్బుకు మాత్రం చెల్లింపు పరిమితి ఎంతున్నా ఉపయోగం లేదు. ఆ పరిమితి 2023 డిసెంబరులో రూ.25 లక్షలకు చేరింది. 2024లో పథకం పేరు మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. మొదటి రూ.2.5 లక్షలు బీమా కంపెనీ, ఆపైన ట్రస్టు భరించే పద్ధతికి మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. అంటే దాదాపు తొలినాటి దారికే మళ్లినట్టు.

పది మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లో నెలకు రూ.21,000 వరకు జీతగాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. విజయవాడ గుణదలలో దాని ఆస్పత్రి ఉంది. ఓపీ వైద్యం, మందులతో పాటు జబ్బు సెలవుకు ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం వేతనం ఇచ్చే ఏర్పాటు మిగతా మూడింటిలో లేదు.

ప్రైవేటు పాలసీల్లో ముందునుంచే ఉన్న జబ్బులకు నిరీక్షణ 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 36 నెలలు. వ్యక్తిగత, కుటుంబ పాలసీల ప్రీమియంపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న తొలగింది.

పంటి వైద్యం సంగతి వేరు. రూట్ కెనాల్, పన్ను తీయడం, కట్టుడు పళ్లు ఓపీలోనే అయిపోతాయి. ఆస్పత్రిలో చేరితేనే చెల్లించే పాలసీ వీటిని సహజంగానే పక్కన పెడుతుంది. ప్రమాదంలో దవడ విరిగి చేరితే సాధారణంగా క్లెయిమ్ వస్తుంది. ఓపీ రైడర్ ఉన్నా ఏటా చిన్న మొత్తానికే పరిమితం కావడం మామూలు. ఇంప్లాంట్లను ఎక్కువ పాలసీలు ఒప్పుకోవు. అందుకే డెల్టాలో పంటి నొప్పికి చాలామంది జేబు డబ్బుతో క్లినిక్‌కు వెళతారు, లేదా విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోనో, గన్నవరం దగ్గరి చినఅవుటపల్లి సిద్ధార్థ దంత కళాశాలలోనో ఓపీ చీటీ తీసుకుంటారు.