హంపీలో రాయలవారి ఇల్లు ఎక్కడ?

హంపీ వెళ్లొచ్చినవాళ్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. విరూపాక్షస్వామి గుడి చూశారు. విఠలాలయంలో రాతిరథం ముందు ఫొటో దిగారు. లోటస్ మహల్, ఏనుగుల శాల కూడా చూసే ఉంటారు. మరి శ్రీకృష్ణదేవరాయలు పడుకున్న ఇల్లు చూశారా? అష్టదిగ్గజాలు కూర్చున్నారని మనం చెప్పుకునే ఆ సభామంటపం చూశారా?

చూడలేదు. ఎందుకంటే అవి లేవు. గుళ్లు ఉన్నాయి, అంగడి వీధుల స్తంభాలు ఉన్నాయి, చివరికి ఏనుగులు కట్టేసిన గదులు 11కి 11 నిలబడే ఉన్నాయి. రాజు ఇల్లు మాత్రం లేదు. 1336లో మొదలై రెండు వందల ఏళ్లకు పైగా దక్షిణాదిని ఏలిన రాజ్యంలో ఏనుగుకున్న ఇల్లు నిలిచి, రాజుకున్న ఇల్లు పోవడమేంటి? ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సిస్టమ్ క్రాష్ అయితే ముందు లాగ్స్ చూసేవాళ్లం. కూలిపోయింది ఏంటో తెలియాలంటే మిగిలింది చదవాలి. హంపీలో కూడా అదే పని చేద్దాం.

అక్కడ రాజప్రాసాదాల ఆవరణ అని ఒక పెద్ద ప్రదేశం ఉంది. లోపల ఎక్కడ చూసినా ఎత్తైన రాతి అరుగులే. వాటిలో ఒకదాన్ని నూరు స్తంభాల సభామంటపం అంటారు. అక్కడికి వెళ్తే ఒక్క స్తంభం కూడా కనపడదు. కానీ కిందకి చూడండి. రాతి నేల మీద వరసకి పది చొప్పున పది వరసల గుంతలు, అంటే స్తంభాలు నిలబెట్టిన చోట్లు. స్తంభాలు రాతివి అయితే కనీసం విరిగిన ముక్కలైనా పడి ఉండాలి కదా? లేవు. అంటే అవి కలపవి. మహానవమి దిబ్బ కూడా అంతే. కింద రాతి అరుగు చుట్టూ వేట దృశ్యాలు, గుర్రాలు, నాట్యకత్తెలు చెక్కి ఉంటాయి. పైన మాత్రం ఖాళీ. ఆ ఖాళీలో ఒకప్పుడు కలపతో కట్టిన మంటపం ఉండేది.

దీనికి కళ్లతో చూసిన సాక్షి కూడా ఉన్నాడు. 1520 ప్రాంతంలో, రాయలవారి కాలంలోనే, డొమింగో పేస్ అనే పోర్చుగీసువాడు విజయనగరం వచ్చాడు. అతన్ని రాజభవనం లోపలికి తీసుకెళ్లి కొంత భాగం చూపించారు. అందులో ఒక గది పైనుంచి కిందదాకా దంతపు పనితో ఉందని, స్తంభాల మీద దూలాలకు దంతంతో చెక్కిన గులాబీలు, తామరపువ్వులు ఉన్నాయని రాసుకున్నాడు. దంతం, కలప, గుడ్డలు, రంగులు. వినడానికి ఎంత అందంగా ఉందో, నిప్పు తగిలితే అంత త్వరగా పోయే సరుకు.

1565 జనవరిలో తళ్లికోట యుద్ధం. రామరాయలు చనిపోయాడు. తమ్ముడు తిరుమలరాయలు రాజకుటుంబాన్ని తీసుకుని పెనుగొండ వైపు వెళ్లిపోయాడు. నగరం దోపిడీకి, మంటలకు దొరికింది. ఈ ఆవరణలో జరిగిన తవ్వకాల్లో బొగ్గు, బూడిద బయటపడ్డాయి. రాయి కూలితే శకలం మిగులుతుంది. కలప కాలితే గుంత మిగులుతుంది. మనకు మిగిలినవి ఆ నూరు గుంతలు.

ఇక్కడ మీకు డౌట్ రావాలి. గుళ్లకి అంత రాయి పెట్టినవాళ్లు, రాజు ఇంటికి ఎందుకు పెట్టలేదు? డబ్బు లేక కాదు, శిల్పులు లేక కాదు. దేవుడి ఇల్లు తరతరాలు నిలవాలి, అందుకని రాయి. రాజు ఇల్లు బతికే మనుషుల కోసం. ఒక రాజు కట్టింది తర్వాతి రాజు మారుస్తాడు, పెంచుతాడు. దానికి కలప వీలుగా ఉంటుంది.

మరి లోటస్ మహల్, ఏనుగుల శాల ఎలా నిలిచాయి? వాటి కమానులు, గుమ్మటాలు చూడండి. ఇటుక, రాయి, సున్నం గచ్చుతో కట్టిన కట్టడాలు. ఆ పద్ధతి ఉత్తరాన సుల్తానుల రాజ్యాల్లో వాడుకలో ఉన్నది. యుద్ధభూమిలో ఎవరితో తలపడ్డారో, వాళ్ల తాపీ పనిని మన రాజులు మొహమాటం లేకుండా తెచ్చుకున్నారు. చివరికి రాజప్రాసాదాల వైపు నిలబడింది ఎక్కువగా ఆ తెచ్చుకున్న పద్ధతే. "వాళ్లు వేరు, మనం వేరు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లకి నేను చూపించేది లోటస్ మహల్‌నే.

ఇప్పుడు మన తిరుపతి దగ్గర చంద్రగిరికి రండి. పెనుగొండ తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు. అక్కడ రాజమహల్ మూడంతస్తులు, రాణిమహల్ రెండంతస్తులు, ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. రాజమహల్‌లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. దాని ప్రత్యేకత ఏంటో తెలుసా? రాయి, ఇటుక, సున్నం వాడారు, కలప వాడలేదు. మూడంతస్తుల మేడకి ఒక్క దూలం లేదు. బరువంతా కమానుల మీదుగా కిందకి దిగుతుంది. హంపీ మంటలు చూశాకే ఇలా కట్టారని నేను చెప్పను, దానికి రుజువు లేదు. కానీ హంపీ నేల మీది గుంతలు చూసి, ఆ వెంటనే ఈ మేడ ముందు నిలబడితే తేడా మీకే అర్థమవుతుంది.

ఇంకో ఉదాహరణ మైసూరు. విజయనగరం పోయాక మహానవమి సంబరాన్ని మైసూరు ఒడయార్లు దసరాగా కొనసాగించారు. వాళ్ల పాత ప్యాలెస్ కూడా కలపదే. 1897లో రాజకుమారి పెళ్లి సమయంలో నిప్పంటుకుని కాలిపోయింది. హెన్రీ ఇర్విన్ అనే ఆర్కిటెక్ట్‌తో కొత్తది మొదలుపెట్టి 1912కి పూర్తి చేశారు. ఈసారి రాయి, ఇటుక, ఇనుము. మనం టికెట్ కొని చూసేది ఆ కొత్త ప్యాలెస్.

అలాగని కలప పనికిరాదని కాదు. కన్యాకుమారి జిల్లాలో పద్మనాభపురం ప్యాలెస్ కలపతో కట్టిందే, వందల ఏళ్లుగా నిలబడి ఉంది. నిప్పు పడలేదు, పట్టించుకునే మనిషి ఉన్నాడు. కలప ఇంటికి ఆ రెండూ కావాలి.

చివరగా ఒక సొంత విషయం. మా అమ్మమ్మగారి ఊళ్లో మాకు మండువా లోగిలి ఉండేది. నేను బీటెక్ సెకండియర్‌లో ఉండగా పడగొట్టేశారు. టేకు స్తంభాలు, చెక్కిన ద్వారబంధం ఎవరో కొనుక్కుపోయారు. సెలవులకి వెళ్లేసరికి పెరట్లో నాలుగు రాతి దిమ్మెలు పడున్నాయి, ఒక్కోదాని మధ్యలో స్తంభం కూర్చోబెట్టే గుంత. అప్పుడు వాటి మీద కూర్చుని ఫోన్ చూసుకున్నాను. ఏళ్ల తర్వాత హంపీలో ఆ నూరు గుంతల మధ్య నిలబడ్డప్పుడు ఆ దిమ్మెలే కళ్లముందుకొచ్చాయి. మా దగ్గర ఆ ఇంటి ఫొటో సరైనది ఒక్కటి లేదు. వాన పడితే నీళ్లు మండువాలోకి ఎలా దిగేవో చెప్పడానికి అమ్మమ్మ కూడా ఇప్పుడు లేదు.

రాయలవారి ఇంటికి ఒక పేస్ దొరికాడు. మన ఇళ్లకి మనమే పేస్ కావాలి. మీ ఊళ్లో పాత లోగిలి ఇంకా ఉంటే, ఈసారి వెళ్లినప్పుడు టేపు పెట్టి కొలవండి, గది గదికీ ఫొటో తీయండి, ఏ గదిలో ఏం జరిగేదో పెద్దవాళ్లతో చెప్పించి రికార్డు చేయండి. చేశాక కామెంట్స్‌లో ఊరి పేరు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.